ఆయమ్మ దాచిన పళ్లేలు

మా గౌలిపుర బాల్వాడీ ఆయమ్మ చనిపోయింది. మొన్న పొద్దున తన గది గడప మీద కూర్చుని, ఒళ్లో గంగవాయిలకూర పెట్టుకుని తుంచుతూ తుంచుతూ, గోడకు తల ఆనించిందట. పక్కింటామె పిలిస్తే పలకలేదట. కూర సగం తుంచి ఉంది, సగం అలాగే ఉంది. నేనప్పుడు అఫ్జల్‌గంజ్‌లో టైపు నేర్చుకుంటున్నాను. బాపు డిపో నుంచి డ్యూటీ బట్టల్లోనే సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, మిషన్ల చప్పుడు మధ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"బిడ్డా, ఇంటికి పోదాం పా."

బాపు మొహం చూసి అమ్మకేమన్నా అయిందేమో అనుకున్నాను. "మీ అమ్మ మంచిగనే ఉన్నది" అన్నాడు. "మీ ఆయమ్మ" అని సైకిల్ స్టాండు తీశాడు. వెనుక క్యారియర్ మీద కూర్చుని ఆయన చొక్కా పట్టుకుని ఇంటిదాకా ఏడ్చాను. సిగ్గేం పడలేదు. చూసేవాళ్లు చూస్తారు, నాకేం?

మా ఇంట్లో ఆమెను ఎప్పుడూ "మీ ఆయమ్మ" అనే అన్నారు. గల్లీలో పిల్లలందరికీ ఆమె ఆయమ్మే. కానీ నా విషయంలో ఆ "మీ" వేరు. ఎందుకు వేరో చెబుతాను. ఆమె పేపర్లో ఫోటో పడేంత మనిషి కాదు. పెద్ద మాటలు చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. అందుకని ఉన్నదే చెబుతాను.

నాకంటే ముందు మా అమ్మకు పుట్టినవాళ్లు ఎవరూ నిలవలేదు. ఒకరు పురిట్లోనే, ఇంకొకరు పాకే వయసులో, అలా అలా పోయారు. పిల్లలు దక్కని ఇంట్లో మావాళ్లు ఒక పని చేస్తారు. పుట్టిన బిడ్డను చాటలో పండబెట్టి పెంటకుప్ప మీద పెడతారు. ముందే మాట్లాడిపెట్టుకున్న ఒకామె ఏమీ తెలియనట్టు అటుగా వచ్చి, "అయ్యో, ఎవరి బిడ్డో" అని ఎత్తుకోవాలి. అప్పుడు ఇంటివాళ్లు ఆమె చేతిలో ఇన్ని నూకలు పోసి ఆ బిడ్డను కొనుక్కోవాలి. పారేసిన బిడ్డ, నూకలకు వచ్చిన బిడ్డ, ఇంత చవక బిడ్డ మీద చావు కన్ను పడదని నమ్మకం. పేరు కూడా అలాంటిదే పెడతారు. నా పేరు పెంటమ్మ. కాలేజీలో ఎవరన్నా నవ్వితే, "ఏం, నీకేమన్నా తక్లీఫా?" అని మొహం మీదే అడిగేదాన్ని.

గౌలిపుర అంటే పాలవాళ్ల ఇళ్లు, బర్రెల కొట్టాలు. పెంటకుప్పకు కరువేముంది? బాల్వాడీ వెనుక ఉన్న కుప్ప మీద నాయినమ్మ నన్ను చాటతో సహా పెట్టి, పాత గోడ చాటున కూర్చుంది. ఎత్తుకోవడానికి ఒప్పుకున్న ముసలామె దారిలో ఎవరితోనో ముచ్చట్లో పడింది. ఈలోపు బాల్వాడీలో కొత్తగా పనికి కుదిరిన ఆయమ్మ, పొయ్యిలో బూడిద పారబోయడానికి గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఆమె మా గల్లీకి కొత్త. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈ ఆచారం ఆమె ఎరగనిది కాదు, కానీ పెంట మీద కళ్లు కూడా తెరవని బిడ్డ కనబడితే ఆ క్షణం ఏ ఆచారమూ గుర్తు రాలేదట. బూడిద గంప అక్కడే వదిలేసి, నన్ను ఎత్తుకుని లోపలికి ఉరికింది.

నాయినమ్మ గోడ చాటు నుంచి తొంగి చూసేసరికి చాట ఖాళీ.

ఇంక చూడండి లొల్లి. నాయినమ్మ అరుచుకుంటూ బాల్వాడీలోకి పోయేసరికి, ఆయమ్మ తన చీర కొంగుతో నా ఒళ్లు తుడిచి, గుండెకు అదుముకుని కూర్చుని ఉందట.

"ఏయ్, ఎవతివే నువ్వు? నా మనుమరాలిని ఇటియ్యి!"

"నీ మనుమరాలైతే పెంట మీద ఎందుకు పారేసినవ్? ఇయ్య పో!"

"అది ఆచారమే పిచ్చిదానా!"

నాయినమ్మ కోపం మనిషి. నన్ను గుంజుకుంది. ఆ గుంజులాటలో చేతిలో ఉన్న నూకల గిన్నె జారి అక్కడే ఒలికిపోయింది. ఇంటికొచ్చి నన్ను అమ్మ పక్కన పండబెట్టాక, అమ్మ నీరసంగా అడిగింది, "నూకలు ఇచ్చినవా అత్తమ్మా?" నాయినమ్మ తన ఖాళీ చేతులు చూసుకుంది.

ఎత్తుకున్నామె చేతిలో నూకలు పడలేదు. అంటే నన్ను ఎవరూ కొనుక్కోలేదు. ఆచారం లెక్కన నేను ఆయమ్మ బిడ్డనే. మర్నాడు నాయినమ్మ నూకలు పట్టుకుని మళ్లీ పోతే ఆయమ్మ తీసుకోలేదు. "నా బిడ్డను నేను అమ్ముకుంటనా అవ్వా?" అని నవ్విందట. అందరూ వేళాకోళం అనుకున్నారు.

వేళాకోళం కాదు. నేను కొంచెం పెద్దదాన్నయ్యాక ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని కూర తుంచుతుంటే తనే చెప్పింది. పెళ్లయి, పిల్లలు కలగక, భర్త పోయి, ఆ గదిలో ఒక్కతే ఉండేది కదా. "మీ నాయినమ్మ వచ్చి గుంజుకునేదాంక, దేవుడు నాకు బిడ్డనిచ్చిండే అనుకున్న" అంది. "గంత జరంతసేపే. అయినా పుట్టింది పుట్టిందే గద బిడ్డా." నేను తలెత్తి చూసేసరికి మాట మార్చేసింది. "లేత కాడలు పారెయ్యకు, పప్పుల మంచిగుంటయ్."

ఆ మాటకు ఆ రోజు ఏమనాలో నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. ఇప్పుడు వినడానికి ఆమె లేదు.

నూకలు ఇవ్వలేదన్న భయం మా ఇంట్లో దయ్యంలా కూర్చుంది. నన్ను నేల మీదకు దించలేదు. అమ్మ చంక, నాయినమ్మ చంక, సాయంత్రం బాపు భుజం, అంతే. పప్పు పెడితే అరగదు, కూర పెడితే పడదు, పండు తింటే జలుబు. అందుకని చాయ్‌లో ముంచిన బిస్కెట్, చక్కెర కలిపిన అన్నం. అంత ప్రేమగా పెంచితే ఏమైంది? పొట్ట ముందుకొచ్చింది, కాళ్లు పుల్లలయ్యాయి. నా ఈడు పిల్లలు గల్లీలో ఉరుకుతుంటే నేను మూడో ఏట పడి కూడా నిలబడలేకపోయాను. నిలబెడితే కాళ్లు ముడుచుకునేదాన్నట. ఈ పిల్ల ఇంక నడవదని, ఇది కూడా దక్కదని నాయినమ్మ ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ ఏడవను కూడా ఏడవలేదు, నన్ను ఇంకా గట్టిగా పట్టుకునేది.

ఆయమ్మ ఇదంతా బాల్వాడీ గేటు దగ్గర నుంచి చూస్తూనే ఉంది. ఒకరోజు పని కాగానే తడి చేతులు తుడుచుకుంటూ నేరుగా మా ఇంటికొచ్చింది.

"చెల్లె, పిల్లను కింద దించు."

"వద్దక్కా. మళ్ల ఏమన్నా అయితే నేను బతకను."

"భూమి కొరకదు చెల్లె. దించు."

నాయినమ్మ లోపలి నుంచి వచ్చింది. "మా ఇంటి ముచ్చట నీకెందుకే?"

ఆయమ్మ నాయినమ్మను ఎగాదిగా చూసి అడిగింది, "నూకలు ఇచ్చినవా అవ్వా?"

నాయినమ్మ కొంగు సర్దుకుంది.

"ఇయ్యలే గద. మరి పిల్ల నాది. నా పిల్లను నేను బాల్వాడీకి తీస్కపోత. ఏం చేస్తవో చెయ్యి."

నాయినమ్మ అరిచింది, తిట్టింది, చివరికి బతిమాలింది. నూకలు తీసుకో తల్లీ, మా పిల్లను మాకియ్యి అంది. అప్పుడు ఆయమ్మ ఒక షరతు పెట్టింది. "ఈ పిల్ల తన కాళ్ల మీద నడిచొచ్చి నా చేతిల నూకలు పొయ్యాలె. గప్పుడు తీసుకుంట. మీ పిల్ల మీకే." బాపు పక్కనే నిలబడి, "మంచిగనే ఉన్నది గద అమ్మా" అన్నాడు. ఆయనకు ఆ ఇంట్లో మాట చెల్లిన సందర్భాలు తక్కువ. అందులో ఇదొకటి.

మా బాల్వాడీ రెండు గదులు, ఒక వాకిలి. అంతకుముందు అది బర్రెల కొట్టం. కుడితి తొట్టి అలాగే ఉండేది, కట్టుగుంజలు అలాగే ఉండేవి. ఒక మూల జామచెట్టు. టీచరమ్మ పాటలూ అంకెలూ చెప్పేది. వంటా ఆటా ఆయమ్మవి. ఆ రెండూ వేరు వేరు పనులని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. "ఉరికొచ్చినోళ్లకే బువ్వ రుచి. కూసున్నోళ్లకు బలవంతమే" అనేది.

అన్నం వేళకు పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి వడ్డించడం ఆమె పద్ధతి కాదు. ముందురోజు సాయంత్రం తాళం వేసే ముందు సత్తు పళ్లేలన్నీ వాకిట్లో దాచిపెట్టేది. తొట్టి అంచున ఒకటి, జామకొమ్మ సందులో ఒకటి, కట్టుగుంజ వెనుక ఒకటి, గోడ మీద చేయి చాపితే అందేటట్టు ఒకటి. ప్రతి పళ్లెం వెనుక మేకుతో గీసిన గుర్తు ఉండేది. ఒకరిది చేప, ఒకరిది నిచ్చెన, ఒకరిది చంద్రుడు. నాది జామాకు. ఎవరి పళ్లెం వాళ్లు వెతుక్కుని, ఎక్కి, వంగి, దూకి తీసుకొచ్చి పొయ్యి దగ్గర చాపాలి. అప్పుడు వేడి వేడిగా పడేది. సంచుల్లో వచ్చే గోధుమ రవ్వ ఉత్తగా ఎప్పుడూ వండలేదు. అందులో ఏదో ఒక ఆకు, కాసిన్ని పెసర్లు, పైన పాలవాళ్ల ఇంటి నుంచి అడిగి తెచ్చిన చల్ల. "అరే భాయ్, బచ్చోంకు దేనా హై, పానీ నక్కో మిలావ్" అని, పిల్లలకు పోసేదాంట్లో నీళ్లు కలపొద్దని పాలవాళ్ల గుమ్మంలో నిలబడి దబాయించేది. వాళ్లు నవ్వుకుంటూ చెంబు నింపేవాళ్లు.

తినే ముందు రైలాట. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వాకిలి చుట్టూ ఉరకాలి. ఆయమ్మ ఇంజను. ఫలక్‌నుమాలో దిగితే అన్నం. నడవలేని నన్ను ఏం చేయాలి? నన్ను ఫలక్‌నుమా స్టేషన్ చేసింది. ఒక గోనెసంచి మీద కూర్చోబెడితే, రైలు కూతలు పెడుతూ నా దగ్గరికే వచ్చి ఆగేది. పిల్లలందరూ నన్ను ముట్టుకుని దిగేవాళ్లు. అందరూ నా కోసం వస్తున్నారని నాకు మహా గర్వం. తర్వాత తర్వాత రైలు నాకు కొంచెం దూరంలోనే ఆగిపోవడం మొదలైంది. "స్టేషనే జర ముంగటికి రావాలె" అనేది ఇంజను. చేతులు నేలకానించి జరిగేదాన్ని. స్టేషన్లు ఎక్కడన్నా కదులుతాయా? మా ఆయమ్మ దగ్గర కదిలాయి.

నా పళ్లెం దాచలేదు. నా ఎదురుగానే, చేయి చాపితే అందీ అందనట్టు పెట్టేది. అందుకునేటట్టయితే మర్నాడు ఇంకొంచెం అవతల. నేను గుక్కపట్టి ఏడ్చేదాన్నట. గేటు బయట అమ్మ ఏడ్చేది. ఒకరోజు అమ్మ ఆగలేక లోపలికి ఉరికొస్తే, ఆయమ్మ ఆమె చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "అటు తిరుగు చెల్లె. చూస్తే ఎత్తుకుంటం. నేను గూడ అందుకే అటు తిరిగి కూసుంట" అంది. అవును, నా వైపు వీపు పెట్టి కూర్చునేది. నేను ఏడుస్తున్నంతసేపూ ఆమె భుజాలు కదలకుండా ఉండేవట, కళ్లు మాత్రం కారుతూ ఉండేవట. ఇది అమ్మ చెప్పిందే. ఆ వీపు నాకు గుర్తుంది. తెల్ల రవికె, చెమటకు తడిసి ఉండేది. దాన్ని పట్టుకోవడానికే మొదటిసారి లేచి నిలబడ్డానేమో.

అలా పాకాను, నిలబడ్డాను, తొట్టి పట్టుకుని నడిచాను. ఆకలి కూడా వచ్చింది. చాయ్ బిస్కెట్ మానేసి రవ్వా ఆకూ జుర్రుకోవడం చూసి నాయినమ్మ దిష్టి తీసింది. ఒకరోజు ఇంట్లో గడప దాటి నా అంతట నేనే వాకిట్లోకి వచ్చాను. ఇంకేముంది, నాయినమ్మ చిన్న గిన్నెలో నూకలు పోసి నా చేతికిచ్చి, గల్లీ అంతా వినబడేటట్టు, "పా, ఇచ్చొద్దాం పా" అంది. బాపు సెలవు పెట్టాడు. అమ్మ కొత్త చీర కట్టుకుంది.

బాల్వాడీ వాకిట్లో ఈ కొసన నన్ను నిలబెట్టారు. ఆ కొసన ఆయమ్మ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. గిన్నె పట్టుకుని ఊగుకుంటూ నడిచాను. ఎవరూ ఊపిరి పీల్చలేదని బాపు చెబుతాడు. దగ్గరికి పోయి గిన్నె వంచబోయేసరికి ఆయమ్మ చేతులు వెనక్కి పెట్టేసుకుంది. లేచి రెండడుగులు వెనక్కి వేసింది. నేను మళ్లీ నడిచాను. మళ్లీ వెనక్కి. "రా, రా, నా తల్లీ" అంటూ తొట్టి చుట్టూ, జామచెట్టు చుట్టూ, వాకిలంతా వెనక్కి వెనక్కి నడుస్తూనే ఉంది. నేను నవ్వుతూ వెంటపడుతూనే ఉన్నాను. గిన్నెలో నూకలు దారంతా రాలిపోయాయి. వెనుక పిచ్చుకలు దిగి ఏరుకు తిన్నాయి. చివరికి ఆమెను పట్టుకునేసరికి గిన్నెలో ఏమీ లేదు.

"మోసం!" అని అరిచింది నాయినమ్మ.

"నేనేం చెయ్యాలె అవ్వా? నా చేతికి రాలే గద" అంది ఆయమ్మ. అని నన్ను ఎత్తుకుని మెడలో మొహం దాచుకుంది. నవ్వుతుందనుకున్నారు అందరూ. నా మెడ తడిసింది.

ఆ తర్వాత నాకు చిన్న జ్వరం వచ్చినా చాలు, నాయినమ్మ పాత గుడ్డలో నూకలు ముడేసుకుని బాల్వాడీకి పోయేది. ఆయమ్మ ఎప్పుడూ తీసుకోలేదు. నూకలు పురుగు పడితే నాయినమ్మ పారబోసి కొత్తవి ముడి వేసేది. చివరికి మంచం పట్టినప్పుడు కూడా ఆ ముడి దిండు కింద నుంచి తీసి అమ్మ చేతిలో పెట్టింది. "దాని పాణం ఆమె కాడ ఉన్నది. ఎట్లనన్నా ఇచ్చెయ్యి" అంది. అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది, పాతబడితే కొత్త నూకలు మారుస్తూ.

ఇదంతా చదివి ఆయమ్మ ఎప్పుడూ కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి అనుకోకండి. గల్లీ మొత్తానికి ఆమెంత దబాయింపు మనిషి లేదు. బాల్వాడీ గేటు దగ్గర ఒకాయన రంగు చాక్లెట్లు అమ్మేవాడు. పిల్లలు వాటితో పొట్ట నింపుకుని రవ్వ ముట్టేవాళ్లు కాదు. ఒకనాడు ఆయమ్మ అతని తట్ట ముందు కూర్చుని అంది, "అన్నా, పో అంటే పోవు. నీకు గూడ పిల్లలున్నరు. గీ రంగు బిళ్లలు మీ ఇంట్ల పిల్లలకు పెడతవా?" అతను తల గోక్కున్నాడు. "పెట్టవు గద. రేపటి నుంచి జామకాయలు తే, ఉడకబెట్టిన గుడాలు తే. నేనే దగ్గరుండి అమ్మిస్త." తెచ్చాడు. అమ్మించింది. శనగ గుడాల మీద ఉల్లిగడ్డ వేసి అతను కేకేస్తుంటే, లోపల పిల్లల కంటే ముందు ఆయమ్మ నోరూరేది. చాయ్ సీసాలో పోసి పంపే తల్లులకైతే ఇంకా మంచి మర్యాదలు జరిగేవి. "చాయ్ తాగిపిస్తే ఆకలి చస్తది, తెల్వదా? నీకు వండ చాతకాకపోతే నాకు చెప్పు" అని గల్లీలో నిలబెట్టి అడిగేది. వాళ్లు తిట్టుకునేవాళ్లు. తిట్టుకుంటూనే ఆమె దగ్గరికే పిల్లల్ని పంపేవాళ్లు.

నేను బడికి, తర్వాత కాలేజీకి పోయినా సాయంత్రాలు బాల్వాడీకి పోయేదాన్ని, పళ్లేలు దాచడంలో సాయానికి. "గా చేప పళ్లెం జర పైకి పెట్టు, వాడు ఎక్కుడు నేర్వాలె. గీ నిచ్చెన పళ్లెం కిందికి పెట్టు, దానికి వంగుతుంటే ఆయాసమొస్తది, మెల్లమెల్లగ" అనేది. మోకాళ్లు నొప్పులొచ్చినా తను మానలేదు. టైపు క్లాసుకు చేరాక ఈ మధ్య నేనే సరిగా పోలేకపోయాను. ఆఖరుసారి కనబడ్డప్పుడు, "ఏం బిడ్డా, ఆ మిషను ముంగట కూసుని కూసుని నడుము పట్టిందా? రేపొచ్చి రైలాట ఆడు" అంది. పోదామనే అనుకున్నాను.

మొన్న ఆమెను ఆమె గది ముందు పండబెట్టారు. ఫలక్‌నుమా నుంచి ఆమె తమ్ముని కొడుకు వచ్చాడు, కర్మ అతనిదే. పాలవాళ్లు వచ్చారు. బాల్వాడీ వాకిట్లో ఎప్పుడో అన్నం తిన్న మగపిల్లలు మీసాలు వచ్చి, ఆడపిల్లలు చంకలో పిల్లలతో వచ్చారు. గుడాలాయన వచ్చి ఒక జామపండు ఆమె కాళ్ల దగ్గర పెట్టి, తువ్వాలుతో మొహం కప్పుకుని పక్కకు పోయాడు.

పోయినవాళ్ల నోటి దగ్గర పిడికెడు బియ్యం వేయడం మా ఆచారం. కన్నబిడ్డలు, తోడబుట్టినవాళ్లు, దగ్గరివాళ్లు వేస్తారు. తమ్ముని కొడుకు వేసి పక్కకు జరిగాక, ఆయమ్మకు బిడ్డగా వేసేవాళ్లెవరూ ముందుకు రాలేదు. నేను కదిలాను. అప్పుడు అమ్మ నా చేయి పట్టుకుని పక్కకు లాగి, పాత గుడ్డ ముడి నా గుప్పిట్లో పెట్టింది.

"బియ్యం గాదు. ఇవి వెయ్యి."

నూకలు.

"ఇప్పుడియ్యకపోతే ఇంకెప్పుడిస్తవ్ బిడ్డా? పొయ్యేటోళ్లు తమది తమ ఎంబడి తీస్కపోతరు. నిన్ను ఆమె కాడ ఎట్ల ఇడిచిపెట్టాలె నేను? ఒక్క పిడికెడు వేసి రా. నువ్వు నాదానివైతవ్." పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి భయం అది. దాన్ని నేనెట్లా తప్పు పడతాను?

ముడి విప్పాను. నూకలు అరచేతిలో చల్లగా ఉన్నాయి. ఆమె మొహం చూశాను. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, రైలు కూత పెట్టబోతున్నట్టు. ఈ పిడికెడు ఆ నోటి దగ్గర పోస్తే, బదులుకు బదులు, ఇంక ఆమెకు ఎవరూ లేనట్టే. బిడ్డ లేని మనిషిగానే ఆమె పోతుంది. నేనప్పుడు బతకడం గురించి ఆలోచించలేదు. నన్ను కొనుక్కోవద్దు అనుకున్నాను, అంతే. నూకలు మళ్లీ ముడేసి అమ్మ చేతిలో పెట్టి, పళ్లెంలో నుంచి బియ్యం తీసుకుని, అందరి ముందూ, బిడ్డ వేసినట్టు వేశాను. "అమ్మా" అన్నాను. బతికున్నప్పుడు ఒక్కసారి కూడా అలా పిలవలేదు.

గల్లీ చివరిదాకా నడిచి నిలబడిపోయాం ఆడవాళ్లం. ఇంటికొచ్చాక అమ్మ ఆ ముడి మళ్లీ బియ్యం డబ్బాలో పెట్టింది. అన్నం పెట్టింది కానీ నా వైపు చూడలేదు.

ఆ రోజంతా బాల్వాడీ మూసే ఉంది. మర్నాడు టీచరమ్మ కబురు పెట్టింది, వండేవాళ్లు లేరు, జర రా అని. టైపు మానేసి పోయాను. పొయ్యి వెలిగించి ఎసరు పెట్టాను. పళ్లేల కోసం గూట్లో చూస్తే ఒక్కటీ లేదు. నాకు అర్థమయ్యేలోపే వాకిట్లో పిల్లల కేకలు వినబడ్డాయి.

"నాది దొరికింది! నాది దొరికింది!"

పోయే ముందురోజు సాయంత్రం ఎప్పటిలాగే దాచిపెట్టి తాళం వేసి పోయింది. తొట్టి అంచున ఉంది. జామకొమ్మలో ఉంది. కట్టుగుంజ వెనుక ఉంది. పిల్లలు ఎక్కుతున్నారు, దూకుతున్నారు, పడుతున్నారు. చేప గుర్తు పళ్లెం పట్టుకుని ఒకడు నా దగ్గరికి ఉరికొచ్చి, "ఆయమ్మ వచ్చిందా?" అని అడిగాడు. పొగ కళ్లల్లోకి వచ్చిందని చెప్పి గుమ్మంలోకి వచ్చాను.

అక్కడ గోనెసంచి మీద ఒక పాప కూర్చుని ఉంది. కొత్తగా చేరింది, ఇంకా నడవదు. ఇంటివాళ్లు ఎత్తుకొచ్చి కూర్చోబెట్టి పోయారు. ఆమెకు ఎదురుగా, చేయి చాపినా అందనంత దూరంలో, చదును బండ మీద ఒక పళ్లెం ఉంది. తీసి వెనుక చూశాను. జామాకు. నా పళ్లెమే. మళ్లీ సరిగ్గా అక్కడే పెట్టాను.

పాప పళ్లాన్ని చూసింది, నన్ను చూసింది, చేతులు చాపి ఏడుపు మొదలుపెట్టింది. ఏడుపు పెరిగింది. నా ప్రాణం ఆగలేదు. వంగాను.

"ఎత్తకు."

గేటు దగ్గర అమ్మ నిలబడి ఉంది. చేతిలో పాత గుడ్డ ముడి. కనీసం ఆమె బూడిద దగ్గరన్నా పోసి రమ్మని చెప్పడానికి వచ్చిందేమో. పాపనూ పళ్లాన్నీ చూస్తూ అలాగే నిలబడిపోయినట్టుంది.

"ఎత్తకు బిడ్డా" అంది మళ్లీ. "భూమి కొరకదు."

లోపలికి వచ్చి, మసులుతున్న ఎసరు దగ్గరికి పోయి, ముడి విప్పి నూకలన్నీ అందులో పోసేసింది. గుడ్డ దులిపి పొయ్యిలో వేసింది. తర్వాత వచ్చి గడప మీద నా పక్కన కూర్చుంది, పాపకు వీపు పెట్టి. నేనూ అటు తిరిగి కూర్చున్నాను. అమ్మ నా చేయి పట్టుకుంది. వెనుక పాప చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఏడుపు తగ్గింది. తర్వాత ఆగింది. బండ మీద సత్తు పళ్లెం కొంచెం గీసుకున్న చప్పుడైంది. మేమిద్దరం వెనక్కి తిరగలేదు.